పేరు చెప్పుకునే కాఫీ
(ఆదివాసీ దినోత్సవ సభలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల యువతతో పంచుకున్న మాటలు)

 

"చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అని సంఘం వాళ్లు అడిగారు. వార్డెన్ మైకు పట్టుకుంటే చదువు, క్రమశిక్షణ తప్ప వేరే మాట రాదని మీకు తెలుసు. ఈసారి కాఫీ గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వకండి. చివరికి అది చదువు దగ్గరికే వస్తుంది.

మా హాస్టల్లో పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఒక పెద్ద కాఫీ షాపులో పని చేస్తోంది. పేరు చెప్పం. ఒక రాత్రి ఫోన్ చేసింది. "మేడమ్, మా షాపులో సింగిల్ ఎస్టేట్ కాఫీ అని ఒకటుంది. పక్కనే అరకు అని రాసిన డబ్బా కూడా ఉంది. ఈ రోజు ఒక పెద్దాయన అరకు డబ్బా చూపించి, ఇది ఎవరు పండిస్తారమ్మా అని అడిగాడు. ఎవరో ట్రైబల్స్ సార్ అన్నాను. అలాగా, నీదే ఊరమ్మా అన్నాడు. మదనపల్లె అన్నాను. తండా పేరు నోట్లోకి వచ్చింది గానీ బయటికి రాలేదు మేడమ్. ఆయన తిట్టలేదు, ఏమీ అనలేదు. అయినా నిద్ర పట్టడం లేదు."

మాకు వెంటనే జవాబు దొరకలేదు. బి.ఇడి. చదివే రోజుల్లో మేమూ అంతే. ఎవరైనా ఏ ఊరంటే తండాకు దగ్గర్లోని పెద్ద ఊరి పేరు చెప్పి ఊరుకునేవాళ్లం. "ఎవరో ట్రైబల్స్" అన్న మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఆ కాఫీ తన పుట్టిన చోటు పేరు డబ్బా మీద రాసుకుని అమ్ముడవుతోంది. దాన్ని కప్పులో పోసి ఇచ్చే మన బిడ్డ మాత్రం పుట్టిన చోటు పేరు దాచుకుంటోంది. ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలని పుస్తకాలు తిరగేశాం, తెలిసినవాళ్లను అడిగాం, వీలు దొరికినప్పుడు అరకు కూడా వెళ్లొచ్చాం. తెలిసింది మీతో చెప్పుకుంటాం.

ముందు ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న. సింగిల్ ఎస్టేట్ అంటే ఏమిటి? ఒకే తోటలో పండి, వేరే తోట గింజ కలవకుండా మన కప్పు దాకా వచ్చిన కాఫీ. ఆ తోట ఎంత ఎత్తులో ఉంది, ఏ చెట్ల నీడన పెరిగింది, ఏ నెలలో కోశారు, ఎలా ఎండబెట్టారు అన్నీ చెప్పగలగాలి. చిక్కమగళూరు, కొడగు వైపు వందల ఎకరాల ఎస్టేట్లు ఉన్నాయి. అక్కడ తోటకు ఒక యజమాని ఉంటాడు, కూలీలు లైన్ ఇళ్లలో ఉంటారు. తోట పేరు యజమాని పెట్టుకున్న పేరు. అరకులో అలాంటి యజమాని లేడు. ఒక్కో గిరిజన కుటుంబానికి ఎకరా, రెండెకరాలు, వేల కుటుంబాలు. అందుకే దాన్ని ఎస్టేట్ పేరుతో పిలవరు, లోయ పేరుతో పిలుస్తారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కాఫీ మన దేశపు చెట్టు కాదు. అరబికా కాఫీ పుట్టిల్లు ఇథియోపియా కొండ అడవులు. అక్కడి నుంచి ఎర్ర సముద్రం దాటి యెమెన్ చేరింది. మోఖా రేవు నుంచి ప్రపంచమంతా పోయింది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ యాత్ర నుంచి తిరిగి వస్తూ 7 గింజలు దాచి తెచ్చి, ఇప్పటి చిక్కమగళూరు జిల్లాలోని చంద్రగిరి కొండల్లో నాటాడని కథ. చంద్రగిరి అనగానే తిరుపతి పక్కన మన కోట అనుకునేరు, అది వేరు. ఆ కొండల్ని ఇప్పుడు బాబా బుడన్ గిరి అంటారు. యెమెన్ వాళ్లు మొలకెత్తే గింజ బయటికి పోనిచ్చేవాళ్లు కాదట. అందుకే దాచి తెచ్చాడంటారు. ఒక పంటను పుట్టిన చోటుకు కట్టి ఉంచాలన్న ఆలోచన, ఆ కట్టు తెంచుకుని తీసుకుపోవాలన్న ఆలోచన రెండూ అంత పాతవి.

తూర్పు కనుమలకు కాఫీ చాలా ఆలస్యంగా వచ్చింది. 1898లో బ్రాడీ అనే ఆంగ్లేయ అధికారి తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో నాటించాడు. తర్వాత పుల్లంగి, గూడెం మీదుగా అరకు, అనంతగిరి వైపు పాకింది. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే మనం జీసీసీ అనేది, ఏర్పడింది. 1960లలో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో వేల ఎకరాల్లో కాఫీ వేసింది. ఆ తోటల్లో గిరిజనులు కూలీలు. నీడ చెట్లు నరకడం, గుంతలు తీయడం, పండ్లు కోయడం వాళ్ల పని. తోట మాత్రం వాళ్లది కాదు. ఆ తర్వాతి దశలో జీసీసీ, కాఫీ బోర్డు, పాడేరు ఐటీడీఏ ద్వారా ఇంటికి రెండెకరాల చొప్పున సొంత తోటలు వేయించడం మొదలైంది. కూలి తోట నుంచి సొంత తోటకు రావడానికి ఒక తరం పట్టింది. ఇప్పుడు ఆ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఇంకో సంగతి మాకు ఈ మధ్యే తెలిసింది. 1942లో కాఫీ చట్టం వచ్చింది. దాని ప్రకారం దేశంలో కాఫీ పండించినవాళ్లు తమ పంటను కాఫీ బోర్డు పూల్‌కు ఇవ్వాలి. అన్ని తోటల కాఫీ అక్కడ కలుస్తుంది. బోర్డు వేలం వేసి, వచ్చిన డబ్బు విడతలుగా ఇస్తుంది. ధర పడిపోయిన కాలంలో అది రైతును కాపాడింది కూడా. కానీ నా తోట గింజ ఇదీ అని చెప్పుకునే వీలు ఎవరికీ లేదు. 1990ల మధ్యలో ఆ పద్ధతి పోయింది. ఆ తర్వాతే మన దేశంలో సింగిల్ ఎస్టేట్ అనే మాటకు బతుకు వచ్చింది. గింజ పాతదే. పేరు చెప్పుకునే హక్కు మాత్రం కొత్తది.

రెండేళ్ల కిందట డిసెంబరులో శిక్షణకని విశాఖ వెళ్లినప్పుడు మేము నలుగురు వార్డెన్లం సెలవు రోజున రైలెక్కి అరకు పోయాం. ఊరి బయట కొండవాలు మీద తోట. తోట అంటే మన మామిడి తోటలాగా వరుసలు, గట్లు అనుకున్నాం. చూస్తే అడవిలాగే ఉంది. పైన సిల్వర్ ఓక్, పనస, మామిడి. ఆ మానులకు ఎగబాకిన మిరియాల తీగలు. కింద మనిషెత్తు కాఫీ చెట్లు, కొమ్మకు అంటుకుని ఎర్ర పండ్లు. మా వయసే ఉన్న ఒక తల్లి నడుముకు బుట్ట కట్టుకుని కోస్తోంది. మేమూ చెయ్యి కలిపాం. రెండు నిమిషాలకే ఆమె మా చేతుల్లోంచి పండ్లు తీసుకుని, పచ్చివన్నీ పక్కన పెట్టింది. "ఎర్రగా అయినవే కొయ్యాలమ్మా. పచ్చిది కలిస్తే సంచి మొత్తానికి ధర పోద్ది" అంది. ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు రావాలట, పండ్లన్నీ ఒకేసారి పండవు గనుక.

టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లం కదా, ప్రశ్నలు అడక్కుండా ఉండలేం. కాఫీ మీరు తాగుతారా అన్నాం. నవ్వింది. "మాకు అంబలి ఉంది కదా" అంది. ఈ చెట్లు ఎవరివమ్మా అన్నాం. చెయ్యి ఆపకుండా "మావే" అంది. ఆ ఒక్క మాట మా నలుగురికీ చెవిలో ఉండిపోయింది. మన అమ్మలు ఏ పొలంలో వంగి పని చేస్తున్నా, ఎవరిదమ్మా ఈ తోట అంటే రెడ్డిదనో నాయుడిదనో సేఠ్‌దనో చెప్పడమే మేము విన్నాం.

పండు నుంచి గింజ దాకా ఏం జరుగుతుందో చెప్తాం. వేసవి జల్లు పడ్డాక మార్చి, ఏప్రిల్‌లో కాఫీ పూస్తుంది. తెల్లటి పూలు, మల్లె వాసన. నవంబరు నుంచి పండ్లు కోతకొస్తాయి. కోసిన రోజే పై తొక్క తీయాలి, ఆలస్యమైతే లోపల పులిసి వాసన చెడుతుంది. తొక్క తీశాక గింజకు జిగురు అంటుకుని ఉంటుంది. దాన్ని తొట్టెలో పులియబెట్టి, కడిగి, నేలకు తగలకుండా బల్లల మీద ఆరబెడతారు. గంటకోసారి తిప్పుతూ ఉండాలి. బాగా ఆరిన గింజలో నీటి పాలు పదకొండు శాతం దాటకూడదు. దాటితే బూజు. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజ వస్తుంది, వేయిస్తే అది ఇంకా తగ్గుతుంది. నాటిన మొక్క మూడు నాలుగేళ్లకు గానీ కాపుకు రాదు. అన్నేళ్లు ఆగాలంటే నేల మీద నమ్మకం కావాలి. రేపు ఎవరో వచ్చి లేచిపొమ్మంటారన్న భయం ఉన్నవాడు నాలుగేళ్ల చెట్టు నాటడు, నాలుగు నెలల పంట వేస్తాడు.

ఇక్కడే సుస్థిర సేద్యం అన్న మాట వస్తుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు దీనికి నిర్వచనం బట్టీ పట్టి ఉంటారు. అరకులో దాని అర్థం చాలా మామూలు విషయం. కాఫీ బతకాలంటే నీడ ఉండాలి, నీడ ఉండాలంటే పెద్ద చెట్టు నరక్కూడదు. రాలిన ఆకు కుళ్లి ఎరువవుతుంది, చెట్టు వేరు కొండవాలు మీద మట్టిని పట్టి ఉంచుతుంది. కాఫీ ధర పడిపోయిన ఏడు మిరియాలు, పనస ఆదుకుంటాయి. ఒకప్పుడు అక్కడ పోడు వ్యవసాయం ఎక్కువ. పోడును తప్పుగా చూసిన అధికారులు చాలామంది ఉన్నారు. కానీ జనం తక్కువ, అడవి ఎక్కువ ఉన్నప్పుడు ఒక చోట పండించి, ఆ నేలను ఏళ్ల తరబడి వదిలేసి, మళ్లీ రావడం తెలివైన పద్ధతే. నేల తగ్గి, వదిలేసే ఏళ్లు కరిగిపోయాకే అది కష్టమైంది. కాఫీ ఆ ఖాళీలోకి వచ్చింది. ఎరువులు, పురుగుమందులు కొనే అలవాటు లేని చోటు గనుక సేంద్రియ కాఫీ అన్న పేరు సులువుగా అతికింది. అది బయటి నుంచి నేర్పితే వచ్చింది కాదు, అక్కడి బతుకులో ఉన్నదే.

2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొడగు, చిక్కమగళూరు, వయనాడు, బాబా బుడన్ గిరి కాఫీలకు కూడా అదే ఏడాది ఇచ్చారు. మన తిరుపతి లడ్డుకు, శ్రీకాళహస్తి కలంకారీకి ఉన్న గుర్తింపు లాంటిదే ఇది. ఆ చోట పండనిదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. అరకు కాఫీ గురించి కాఫీ బోర్డు ఇచ్చిన వివరణలోనే గిరిజనులు సేంద్రియ పద్ధతిలో పండించేది అని ఉంది. అంతకు ముందే గిరిజన రైతులు సహకార సంఘంగా చేరి, నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గింజను విదేశాలకు పంపారు. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. 2023లో ఢిల్లీలో జీ20 సమావేశాలకు వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లో అరకు కాఫీ ఉంది.

అంతా పూలబాటే అనుకోకండి. మేము చూసినవి, తెలుసుకున్నవి కొన్ని చెప్పకపోతే అది సగం చదువు అవుతుంది. అరబికా ధర న్యూయార్క్ మార్కెట్లో తేలుతుంది. బ్రెజిల్‌లో కరువొస్తే పెరుగుతుంది, అక్కడ బాగా పండితే తగ్గుతుంది. 2025 మొదట్లో ఎన్నడూ లేనంత ధర పలికింది, అది ఎప్పటికీ ఉండేది కాదు. అదే ఏడాది అరకు ప్రాంతంలో కాయ తొలిచే పురుగు బయటపడింది. పట్టిన కాయల్ని కోసి నాశనం చేయడం తప్ప దారి లేక, కళ్లముందే పంట పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. అవసరానికి ముందే అప్పు తీసుకుని, పండు చెట్టు మీద ఉండగానే దళారికి ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధనా కేంద్రం ఉంది. అయినా ఆ మాట ప్రతి గూడేనికీ చేరాలంటే మన బిడ్డలే చదివి తిరిగి వెళ్లాలి.

అన్నిటికంటే పెద్ద సంగతి నేల. ఆ కొండల కింద బాక్సైట్ ఉంది. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. దానికి ముందే 1970 నాటి 1/70 చట్టం ఉంది. ఇవి లేకపోతే ఆ తల్లి "మావే" అనగలిగేదా? కాఫీ రుచి గింజలో ఉందంటారు, ఎత్తులో ఉందంటారు, మట్టిలో ఉందంటారు. చట్టంలో కూడా కొంత ఉందని మాకు అనిపించింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. 1/70 మనకు వర్తించదు. మన కొండలు ఎత్తులో తక్కువేం కావు. హార్స్‌లీ హిల్స్ అరకు కంటే ఎత్తు. కానీ ఎత్తు ఒక్కటే చాలదు, వాన కావాలి. మనది కరువు సీమ. కాబట్టి మీరందరూ కాఫీ తోటలు వేయండని చెప్పడానికి రాలేదు. మరి ఆ కథ మనకెందుకు?

మదనపల్లె టమోటా మార్కెట్ మీకు కొత్త కాదు. మీలో సగం మంది సెలవుల్లో అక్కడ క్రేట్లు మోసినవాళ్లే. 2023 జూలైలో కిలో టమోటా వంద దాటి రెండొందల దగ్గరికి పోయింది. వేరే ఏళ్లలో కోత కూలి రాక రోడ్డు పక్కన పారబోసిందీ మనమే చూశాం. ఆ క్రేటు ఢిల్లీ పోతుంది, చెన్నై పోతుంది. దాని మీద మండీ మార్కు ఉంటుంది, లారీ నంబరు ఉంటుంది. ఏ ఊరు, ఎవరు నాటారు, ఎవరు కోశారు అన్నది ఎక్కడా ఉండదు. పాత కాఫీ పూల్ లాగే అన్నీ కలిసిపోతాయి. ఒకప్పుడు ఆ టమోటాలు మన ఎరుకల పెద్దలు అల్లిన బుట్టల్లో పోయేవి. ప్లాస్టిక్ క్రేటు వచ్చాక ఆ బుట్ట పోయింది, దాని పేరూ పోయింది.

పుంగనూరు ఆవును చూడండి. రెండున్నర, మూడడుగుల ఎత్తు, చిక్కటి పాలు, కరువు మేతకు తట్టుకునే ఒళ్లు. అంతరించిపోయే దశకు వచ్చి, పలమనేరు పరిశోధనా కేంద్రం లాంటి చోట్ల నిలబడింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో ఆ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూశారు. ఇప్పుడు లక్షలు పోసి కొంటున్నారు. పేరు పుంగనూరుది. ఆ డబ్బులో పుంగనూరు చుట్టుపక్కల ఆవులు కాచిన ఇళ్లకు ఎంత వచ్చింది? ఊరి పేరు ఒక్కటే ఉంటే సరిపోదని ఇందులో అర్థమవుతుంది. ఆ పేరును పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే అసలు సంగతి. అరకులో సంఘం కట్టుకున్న చోట ఆ చెయ్యి కొంతవరకైనా రైతుది అయింది.

ప్రపంచంలో కూడా ఇదే గొడవ. కాఫీ పుట్టిన ఇథియోపియా 2005లో తన సిడామో, హరార్, యిర్గచెఫె కాఫీల పేర్లను అమెరికాలో ట్రేడ్‌మార్క్ చేయించుకోవాలని అడిగింది. ఆ పేర్లతో కాఫీ అమ్ముతున్న స్టార్‌బక్స్‌తో పేచీ వచ్చి, 2007లో ఒప్పందం కుదిరింది. పేద దేశమైనా తన ఊళ్ల పేర్లు తనవేనని పట్టుబట్టింది.

మనకు పేరుతో ఇంకో పాత లెక్క ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, తర్వాత దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి పొడిగించారు. మన ఎరుకల పెద్దలు, మన సుగాలి పెద్దల్లో కొందరు ఆ జాబితాల్లోకి ఎక్కారు. తప్పు చేసినందుకు కాదు, ఆ తెగలో పుట్టినందుకు. పోలీసు స్టేషనుకు పోయి హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి దక్కను దాకా తిరిగిన జాతిని, రైళ్లు వచ్చి బేరం పోయాక, తిరగడమే నేరమన్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. కానీ భయం ఒక సంతకంతో రద్దు కాదు. పేరు చెప్తే ఏమవుతుందో అన్న జంకు మన తాతల నుంచి మన అమ్మలకు, వాళ్ల నుంచి మాకు, మా నుంచి బెంగళూరులో కప్పు పట్టుకుని నిలబడ్డ ఆ బిడ్డకు వచ్చింది. ఆ అమ్మాయి ఆ రోజు తండా పేరు మింగడంలో ఆమె తప్పేమీ లేదని చెప్పడానికే ఈ చరిత్ర ఎత్తాం.

మరి ఏం చేద్దాం? క్లాసులో లాగే మూడు పనులు చెప్తాం, రాసుకోండి.

మొదటిది, మన చేతి పనికి, మన అడవి ఫలానికి లెక్క రాయడం. పుంగనూరు వైపు ఇళ్లలో మన అమ్మలు చింతపండు కొట్టి, గింజ తీసి ఇస్తారు. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి బిడ్డలకు సెలవుల్లో ఒక పని పెట్టాం. చెట్టు ఎక్కడిది, ఏ నెలలో రాల్చారు, కాయ ఎంత తూగింది, గింజ తీశాక ఎంత మిగిలింది, ఎవరు కొన్నారు, ఎంతకు, అదే చింతపండు అంగట్లో ఎంత. నోటుపుస్తకంలో ఒక పేజీ. తిరిగి వచ్చాక ఒక పాప ఆ పేజీ చూపించి, "మేడమ్, మా అమ్మ కూలి ఇందులో ఏ గడిలో రాయాలి?" అని అడిగింది. ఆ గడి మేము గీయలేదు. మా లెక్కలోనే ఆమె కూలి లేదు. మరుసటి రోజు గీశాం.

రెండోది, చట్టం చదవడం. షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోయినా 2006 అటవీ హక్కుల చట్టం మనకూ ఉంది. తరతరాలుగా అడవిలో సేకరించే చిన్న తరహా ఫలసాయం మీద హక్కు అందులో ఉంది. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే అటవీ ఉత్పత్తుల జాబితాలో చింతపండు ఉంది. 2018లో మొదలైన వన్ ధన్ కేంద్రాలు సేకరించినవాళ్లే గుంపుగా చేరి, శుభ్రం చేసి, పొట్లం కట్టి అమ్ముకోవడానికి పెట్టినవి. ఇవి దానంతట అవి ఇంటికి రావు. అర్జీ రాయడం వచ్చినవాడు తండాకు ఒకడుండాలి. ఆ ఒకడు మీరే కావాలి.

మూడోది, గుంపుగా ఉండడం. అరకు తల్లి ఒక్కతే రెండెకరాల పండ్లు పట్టుకుని పారిస్ పోలేదు. పచ్చి పండు కలపకూడదన్న మాట మీద వేల కుటుంబాలు నిలబడితేనే ఆ పేరు నిలబడింది. ఒకడు కక్కుర్తిపడి పచ్చిది కలిపితే అందరి సంచీ ధర పోతుంది. మనలో సుగాలి, ఎరుకల, యానాది అని మనం గీసుకున్న గీతలు ఉన్నాయి. అంగట్లో కొనేవాడికి ఆ గీతలతో పని లేదు, విడివిడిగా వస్తే వాడికే లాభం.

కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయే తమ్ముళ్లను మేము ఆపడం లేదు. పోండి, సంపాదించండి. కానీ అక్కడ మీరు అమ్మే వస్తువు మీద ఏం రాసి ఉందో చదవండి. ఏ ఊరు, ఎవరు పండించారు, వాళ్లకు ఎంత పోయింది అని అడగండి. అలా అడగడం అలవాటైన మనిషి తన గురించి అడిగితే తడబడడు.

ఆ అమ్మాయికి మేము కొన్ని రోజుల తర్వాత ఫోన్ చేశాం. మీకు చెప్పిన ఈ సంగతులే ఆమెకూ చెప్పాం. పాములేరు లోయ, కాఫీ పూల్, సమతా తీర్పు, ఎర్ర పండ్లు ఏరే ఆ తల్లి, అన్నీ. అంతా విని, "మేడమ్, వాళ్లది గూడెం పేరు కూడా డబ్బా మీద రాస్తే బాగుండేది కదా" అంది. అవును, లోయ పేరు రాశారు గానీ గూడెం పేరు రాయలేదు. ఇంత తిరిగిన మాకు రాని ఆలోచన అది. పోయిన నెల సెలవుకు వచ్చినప్పుడు చిన్న పొట్లం అరకు కాఫీ పొడి తెచ్చింది. హాస్టల్ వంటగదిలో మా వంటమ్మ పాలు, బెల్లం వేసి పెద్ద గిన్నెలో కాచింది. పిల్లకాయలు చేదుగా ఉందని మొహం పెట్టారు. ఆ అమ్మాయి గరిటె పట్టుకుని ఒక్కొక్కరి గ్లాసులో పోస్తూ, తీసుకునే ముందు వాళ్ల ఊరి పేరు చెప్పమంది. కాలనీ పేరు, తండా పేరు, గట్టిగా. అందరికీ పోశాక తన గ్లాసు నింపుకుని, తన తండా పేరు తనూ చెప్పింది.